విరేచనాలు పట్టుకున్నాయా? ముందు లీటరు సీసా వెతకండి

చెన్నైలో అక్టోబరు చివర్లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై, వేళచ్చేరి వీధుల్లో నీళ్లు నిలిచాయంటే చాలు, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ‘పొద్దుట్నుంచి ఆరు మోషన్లయ్యాయి, ఏ టాబ్లెట్ వేసుకోవాలి?’ ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు పీజీ హాస్టళ్లలో ఉండే పిల్లలూ అడుగుతారు, మనవణ్ని ఒళ్లో పెట్టుకున్న అమ్మమ్మలూ అడుగుతారు.

టాబ్లెట్ సంగతి చివర్లో చూద్దాం. పెద్దవాళ్లలో నీళ్ల విరేచనాలు చాలామటుకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పే మనిషిని పడగొడతాయి. పోయినదాన్ని పోయినట్టు నింపుతూ ఉంటే పనిలో ముప్పాతిక అయిపోయినట్టే.

ఇంట్లో ఉండొచ్చా, బయల్దేరాలా?

కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లే దారిలో కూడా ఓఆర్‌ఎస్ (ఉప్పు, గ్లూకోజు కలిసిన పొడిని కలిపిన నీళ్లు) తాగిస్తూనే ఉండాలి.

- మలంలో రక్తం, లేదా తారులా నల్లగా జిగురుగా రావడం. (ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మలం నల్లబడుతుంది, అది వేరు.)
- గంజినీళ్లలా తెల్లగా, ధారగా, గంటగంటకీ పోవడం. కలరా ఇలాగే ఉంటుంది. కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.
- 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం.
- ఏది తాగినా నిలవకుండా వాంతి కావడం.
- ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, మనిషి మగతగా ఉండటం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడబోవడం.
- తెరలు తెరలుగా వచ్చిపోయే నొప్పి కాకుండా, ఒకేచోట తగ్గకుండా ఉండే కడుపునొప్పి, పొట్ట గట్టిపడటం.
- ఆరు నెలల లోపు పసివాళ్లు, గర్భిణులు, 70 దాటినవాళ్లు, కిడ్నీ లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు. వీళ్ల విషయంలో మిగతా లక్షణాల కోసం ఎదురుచూడొద్దు.

అంబులెన్సుకు 108. ఫోన్లోనే సలహా కావాలంటే తమిళనాడులో 104. చిన్నపిల్లలకు ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. కలరా అనుమానం ఉంటే తండయార్‌పేటలో అంటువ్యాధుల ఆసుపత్రి ఉంది. తమిళం రానివాళ్లు రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. విరేచనాలను ‘వయిత్తుపోక్కు’ అంటారు. వాంతిని వాంతి అనే అంటారు, ఆ మాటకు తిప్పలు లేవు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. అట్ట మీద ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అని ఉండాలి. పెద్ద పొట్లం దాదాపు 21 గ్రాములు, లీటరు నీళ్లకు. చిన్నది 4 గ్రాముల పైచిలుకు, 200 మి.లీ.కు. కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.
- కొలత తెలిసిన లీటరు సీసా. ఖాళీ అయిన లీటరు మంచినీళ్ల సీసా అయితే సరిగ్గా సరిపోతుంది.
- 5 మి.లీ. గీత ఉన్న సిరప్ మూత.
- కాచి చల్లార్చిన నీళ్లు.
- థర్మామీటరు, పారాసిటమాల్.
- పిల్లలున్న ఇంట్లో 20 మి.గ్రా. జింకు మాత్రలు.

పొట్లం కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మందుల షాపులో ఓఆర్‌ఎస్ అంటే రంగురంగుల టెట్రా ప్యాక్ చేతిలో పెట్టడం చాలా ఏళ్లు మామూలైపోయింది. వాటిలో చాలావరకు తీపి పానీయాలే. చక్కెర ఎక్కువైతే పేగు నీటిని పీల్చుకోవడం పోయి తిరిగి వదలడం మొదలుపెడుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అయినా మీరు అట్ట తిప్పి చూడండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటే అది 2002 నుంచి అమల్లో ఉన్న అసలు లెక్క.

చేయాల్సిన వరుస

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ సరిపోదు. వాంతులూ విరేచనాలూ కలిపి తెచ్చే నోరోవైరస్ దానికి పెద్దగా లొంగదు.

2. లీటరు నీళ్లు కొలిచి పెట్టుకోండి. క్యాన్ నీళ్లైనా సరే, వానల్లో ఒకసారి కాచండి. బుడగలు తెర్లుతూ పైకి లేచాక ఒక నిమిషం పాటు మరగాలి. అడుగున చిన్న బుడగలు కనబడగానే దించేస్తే కాచినట్టు కాదు. పూర్తిగా చల్లారనివ్వండి.

3. పొట్లం మొత్తం ఒకేసారి కలపండి. సగం ఇప్పుడు, సగం సాయంత్రం అని పంచొద్దు. పొడిలో ఉప్పు ఒక పక్కకు, గ్లూకోజు మరో పక్కకు చేరి ఉండొచ్చు. కళ్లతో చూసి సగం చేయలేరు. ఒక్కరే ఉండి లీటరు వద్దనుకుంటే 200 మి.లీ. పొట్లాలు కొనుక్కోండి.

4. మరేమీ కలపొద్దు. చక్కెర, పాలు, జ్యూసు, సోడా, గ్లూకోజు పొడి ఏవీ వద్దు. కలిపాక మళ్లీ కాయొద్దు. నాలుక మీద వేసుకుంటే కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి. అంతకు మించి ఉప్పగా ఉంటే కొలత తప్పినట్టు. సరిచేయడానికి చూడకుండా పారబోసి కొత్తది కలపండి.

5. సీసా మీద టైము రాయండి. 24 గంటలు దాటితే పారబోయాలి. ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే లెక్క. చల్లగా తాగితే ఫర్వాలేదు, పిల్లలు అలాగైతేనే తాగుతారు కూడా.

6. విరేచనం అయిన ప్రతిసారీ తాగించండి. రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటిన పిల్లలకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు 200 నుంచి 400. మధ్యలో దాహం వేస్తే ఇంకా ఇవ్వొచ్చు. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టండి.

7. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఎక్కువమంది ఓడిపోయేది ఈ మెట్టు దగ్గరే. దాహంతో గ్లాసెడు గటగటా తాగేస్తారు, మొత్తం బయటికి వచ్చేస్తుంది, ‘ఓఆర్‌ఎస్ పడట్లేదు’ అని మానేస్తారు. సిరప్ మూతతో 5 మి.లీ. చొప్పున రెండు నిమిషాలకోసారి పట్టండి. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గానీ గంటకు 150 మి.లీ. లోపలికి వెళ్తుంది. గంటసేపు నిలిస్తే నిమిషానికోసారి చేయండి, అప్పుడు గంటకు 300. పిల్లల దగ్గర ఎవరో ఒకరు కూర్చుని ఫోన్లో టైమరు పెట్టుకుని మరీ పట్టాలి. సీసా చేతికిచ్చి ‘తాగు’ అంటే జరిగే పని కాదు.

8. పిల్లలకు జింకు మొదలుపెట్టండి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు 10 మి.గ్రా., మొత్తం 14 రోజులు. మాత్రను చెంచాడు నీళ్లలోగానీ తల్లిపాలలోగానీ కరిగించి పట్టాలి. మూడోరోజు విరేచనాలు ఆగగానే జింకు ఆపేయడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగే తప్పు. ఆ 14 రోజుల కోర్సు తర్వాతి రెండు మూడు నెలలు కూడా బిడ్డను కాస్తుంది.

అర్ధరాత్రి పొట్లం దొరక్కపోతే

లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మి.లీ. చెంచా. మన ఇళ్లలో చెంచాలు ఒక్కోటి ఒక్కో రకం, పాయసం తినేది ఒకటి, ఊరగాయ జాడీలోది ఇంకోటి. సిరప్ మూతతో నీళ్లు కొలిచి మీ చెంచా ఎంత పడుతుందో ముందే చూసుకోండి. చక్కెర, ఉప్పు గోపురంలా నిలవకుండా చాకు వీపుతో చదును చేయాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, ముఖ్యంగా పసిపిల్లలకు. కల్లుప్పు అయితే మెత్తగా దంచి కొలవండి, రాళ్లతో కొలత నిలవదు.

ఇందులో పొటాషియం ఉండదు. అందుకని పక్కన ఒక అరటిపండో, కాసిని కొబ్బరినీళ్లో ఇవ్వండి. అదీ వద్దనుకుంటే పలచని అన్నం గంజిలో చిటికెడు ఉప్పు వేసి తాగించినా తెల్లారేదాకా నెట్టుకు రావచ్చు. తెల్లారాక పొట్లమే తెప్పించాలి.

కొబ్బరినీళ్ల మీద మనకున్న నమ్మకం గురించి ఒక మాట. వీధి మలుపులో ఎళనీరు (కొబ్బరిబొండాల) బండి కనబడగానే ఇక ఓఆర్‌ఎస్ ఎందుకు అనిపిస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది గానీ, విరేచనాల్లో ముఖ్యంగా పోయే సోడియం మాత్రం తక్కువ. తోడుగా తాగండి, దాని బదులుగా కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు.

సరిపోతోందా? ఇలా చూసుకోండి

మూత్రమే మీ మీటరు. మూడు నాలుగు గంటలకోసారి, లేత పసుపు రంగులో వస్తుంటే లోపలికి సరిపడా వెళ్తోంది. డికాషన్ రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే చాలట్లేదు. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకుని ఉంటే మూత్రం ఎలాగూ ముదురు పసుపుగా ఉంటుంది. అప్పుడు రంగు వదిలేసి ఎన్నిసార్లు, ఎంత వచ్చిందో చూడండి. పిల్లలకైతే తడిసిన డైపర్లు లెక్కపెట్టండి. నీళ్ల విరేచనం, మూత్రం డైపర్లో కలిసిపోయి మోసపోతారు, కాబట్టి ఆ రెండు రోజులు పాత గుడ్డలు వాడితే తేలిగ్గా తెలుస్తుంది.

చర్మం కూడా చెబుతుంది. పిల్లల పొట్ట మీద, బొడ్డుకు పక్కగా, చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి. నెమ్మదిగా వెళ్తే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా ముడత అలాగే నిలిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి. ముసలివాళ్లలో చర్మం మామూలుగానే వదులు, ఈ పరీక్ష వాళ్లకు పనికిరాదు. వాళ్లకు నాలుక చూడండి, పిడచగట్టిందా లేదా అని.

ఇంకా ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోవడం, కళ్లు గుంటలు పడటం, పసివాళ్ల మాడు లోపలికి దిగడం, పెద్దవాళ్లలో పిక్కలు పట్టేయడం గమనించండి. ఇంట్లో తూకం ఉంటే ఇంకా మంచిది. పది కిలోల బిడ్డ ఒక్కరోజులో అరకిలో తగ్గితే అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఆ బిడ్డకు నాలుగు గంటల్లో 750 మి.లీ., అంటే కిలోకు 75 చొప్పున, ఓఆర్‌ఎస్ పట్టాల్సి ఉంటుంది. అది నర్సు కళ్ల ముందు జరగాల్సిన పని.

తిండి ఆపొద్దు

లంఖణం పరమౌషధం అన్న మాట ఇక్కడ పనికిరాదు. పేగు తనను తాను బాగుచేసుకోవడానికి తిండి కావాలి. వాంతులు నెమ్మదించాక కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి: మెత్తని పెరుగన్నం, ఇడ్లీ, మిరియాలు నెయ్యి లేని పెసరపప్పు పొంగలి, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు. ఇడ్లీతో సాంబారు వద్దు, నంజుకోవడానికి కాస్త పెరుగు చాలు. పీజీలో ఉండేవాళ్లకు వంటాయనతో బతిమాలుకునే ఓపిక లేకపోతే దగ్గర్లోని ఏ టిఫిను హోటల్లోనైనా వేడి ఇడ్లీ దొరుకుతుంది. చట్నీ మాత్రం వదిలేయండి.

పాలు (తల్లిపాలు కాదు) తాగగానే గడగడమంటూ విరేచనం అవుతుంటే వారం పది రోజులు ఆపండి. పేగు పైపొర దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెర అరగదు, మళ్లీ సర్దుకుంటుంది. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. ఫిల్టర్ కాఫీ కూడా రెండు రోజులు మానాలి. చెన్నైలో ఉంటూ ఈ మాట వినడం కష్టమే, తెలుసు.

మెంతులు పెరుగులో నానబెట్టి మింగడం, డికాషన్‌లో నిమ్మరసం పిండి తాగడం లాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మెంతులు మింగితే నష్టమేమీ లేదు, పక్కన ఓఆర్‌ఎస్ ఉన్నంతవరకు. డికాషన్ మాత్రం పేగును ఇంకా పరుగులు పెట్టిస్తుంది.

ఇప్పుడు మాత్రల సంగతి

ఆపే మాత్ర, అంటే లోపెరమైడ్. ఇది పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది, కారణాన్ని తీసేయదు. మాధవరంలో నెల్లూరు బస్సు ఎక్కక తప్పని పెద్దవాళ్లకు అక్కరకొస్తుంది. మొదట 2 మి.గ్రా.వి రెండు, తర్వాత ప్రతి విరేచనానికీ ఒకటి, డాక్టరు చెప్పకుండా రోజుకు నాలుగు మించొద్దు. జ్వరం ఉన్నా, మలంలో రక్తం ఉన్నా అసలే వద్దు. బయటికి పోవాల్సినదాన్ని లోపల బంధించినట్టవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇంట్లోవాళ్లే ఇవ్వకూడదు.

యాంటీబయాటిక్. ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ జంట మాత్రను షాపతనే స్ట్రిప్పులోంచి కత్తిరించి ఇస్తుంటాడు. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి వైరస్సే కారణం, వాటి మీద ఈ మాత్ర పనిచేయదు. ‘వేసుకున్నా, రెండు రోజుల్లో తగ్గింది’ అంటారు. వేసుకోకపోయినా రెండు రోజుల్లోనే తగ్గేది. రక్తవిరేచనాలు, కలరా, టైఫాయిడు లాంటి వాటికి యాంటీబయాటిక్ కావాలి. అది ఏదో, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి.

ఒళ్లునొప్పులు, జ్వరం. పారాసిటమాల్ ఒక్కటే, పెద్దవాళ్లకు 500 లేదా 650 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. పైగా వానాకాలంలో డెంగీ కూడా తిరుగుతుంటుంది, అందులో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించండి.

షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉందని భయపడి మానేస్తుంటారు. లీటరుకు 13.5 గ్రాములే, సుమారు మూడు చెంచాల చక్కెరతో సమానం. తాగండి, గ్లూకోమీటరుతో నాలుగు గంటలకోసారి చూసుకోండి. ఇన్సులిన్ సొంతంగా ఆపకూడదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి, తగ్గేదాకా ఆపాలా అని అడగండి. మామూలు రోజుల్లో మంచివే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ముప్పు తేవచ్చు.

ఎక్కడ అంటుకుందో చూసుకోండి

తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే నిలవ తిండిలో పుట్టిన విషం అయ్యుండొచ్చు. మధ్యాహ్నం వండి పొయ్యి గట్టు మీదే వదిలేసిన అన్నంతో రాత్రి చేసిన ఫ్రైడ్ రైస్ ఇందులో పేరుమోసిన దొంగ. ఆ విషం మళ్లీ వేడిచేసినా చావదు. వండిన అన్నం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఒకటి రెండు రోజుల తేడాతో ఇంట్లో ఒక్కొక్కరే పడుతుంటే వైరస్. అపార్ట్‌మెంట్లో నాలుగైదు ఫ్లాట్లలో ఒకేసారి మొదలైతే సంపు చూడండి. నీళ్లు మసకగా ఉన్నా, మురుగు వాసన వచ్చినా అందరికీ చెప్పి పంపు ఆపించండి. సంపు ఖాళీచేసి, గోడలు రుద్ది, మళ్లీ నింపాక 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున బకెట్టు నీళ్లలో కలిపి, తేరిన నీటిని పోయాలి. గంట ఆగి వాడుకోవాలి. మూత తెరిచి ఏడాదైన పౌడరుకు పవరుండదు, ముక్కుకు ఘాటు తగలాలి. తాగడానికి మాత్రం అప్పుడూ కాచే తాగండి.

క్యాన్ నీళ్లు మంచివే అయినా దాన్ని తిప్పి పెట్టే డిస్పెన్సరు కుళాయి ఎన్నాళ్లైంది కడిగి? వారానికోసారి విప్పి కడగండి.

విరేచనాలు ఆగాక 48 గంటలు దాటేదాకా ఆ మనిషి ఇంట్లో వంట చేయకూడదు. పీజీలో వంటాయనకే వస్తే ఆ రెండు రోజులు భోజనం బయటినుంచి తెప్పించుకోవడమే మేలు. మలం వారం వరకు కాస్త పలచగా ఉండొచ్చు, కంగారు వద్దు. 14 రోజులు దాటినా తగ్గకపోతే మాత్రం అమీబా, జియార్డియా లాంటివి ఉన్నాయేమో మలపరీక్షలో చూడాలి. నమూనా తాజాగా, అయిన అరగంటలోపు ల్యాబుకు చేరాలి. ఇంట్లో డబ్బాలో పట్టి ఆఫీసుకు వెళ్తూ దారిలో ఇచ్చేద్దామనుకుంటే కదిలే అమీబా ఆ లోపే చచ్చి ఊరుకుంటుంది, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది.